నెట్టు, ఫోను కలిపి ఒకే ప్యాకేజీ తీసుకునే ముందు మా తెనాలి ఇంటి సంగతి వినండి

ఇంటర్నెట్, ల్యాండ్‌లైన్, ఇంట్లో వాళ్ల మొబైళ్లు అన్నీ ఒకే కంపెనీ దగ్గర ప్యాకేజీగా తీసుకుంటే లాభమా, విడివిడిగా ఉంచుకోవడం మేలా అని అడిగారు. ఇంటర్నెట్, ల్యాండ్‌లైన్ కలిపి తీసుకోండి, ఇబ్బంది లేదు. ఇంట్లో కనీసం ఒక మొబైల్ మాత్రం తప్పనిసరిగా వేరే కంపెనీది ఉండాలి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లయితే ఈ విషయంలో నేను వాదనకు కూడా ఒప్పుకోను.

మా అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు, నేను హైదరాబాదులో. వాళ్లింట్లో పాతికేళ్లకు పైగా ఒకే ల్యాండ్‌లైన్ నంబరు ఉండేది, రాగి తీగ లైను. నాలుగేళ్ల కిందట నేనే పట్టుబట్టి దాన్ని తీయించేసి, మరో కంపెనీ ఫైబర్ ప్యాకేజీ పెట్టించాను. నెట్టు, ల్యాండ్‌లైను, ఇద్దరి సిమ్ములు, అన్నింటికీ ఒకటే బిల్లు. నాలుగు చోట్ల కట్టే బాధ తప్పింది, నెలకు మూడు వందల దాకా మిగిలింది కూడా. పాత నంబరు మాత్రం పోయింది. మొబైల్ నంబరును వేరే కంపెనీకి మార్చుకున్నట్టు ల్యాండ్‌లైన్ నంబరును మార్చుకునే వీలు మన దేశంలో లేదు. నాన్న స్నేహితుల డైరీలన్నింటిలో ఉన్నది ఆ నంబరే. ఆయన అప్పుడు ఏమీ అనలేదు.

తర్వాతి ఏడాది మే నెలలో ఒక రాత్రి ఈదురుగాలితో వాన పడింది. పదకొండు గంటలకు కరెంటు పోయింది. రెండు గంటల వేళ అమ్మ మంచినీళ్లకని లేచి, వంటింటి గడప దగ్గర జారి పడింది. తుంటి మీద పడటంతో లేవలేకపోయింది. నాన్న ఆమె తల కింద దిండు పెట్టి, చీకట్లోనే హాల్లో ఫోను బల్ల దగ్గరికి వెళ్లారు. పాతికేళ్లుగా నడిచిన దారి అది, టార్చి అక్కరలేదు. రిసీవరు ఎత్తితే ఏ చప్పుడూ లేదు. పెట్టి మళ్లీ ఎత్తారు. మూడోసారి ఎత్తాక టార్చి వేసి చూస్తే, నెట్టుకూ ఫోనుకూ కలిపి గోడకు బిగించిన ఫైబర్ డబ్బాలో ఒక్క దీపమైనా వెలగడం లేదు. “కరెంటు పోయినా మన ఫోను ఎప్పుడూ పోలేదు కదరా” అన్నారు మర్నాడు నాతో. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

నిజమే, పోయేది కాదు. పాత రాగి తీగ లైనుకు కావలసిన 48 వోల్టుల కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి ఆ తీగలోనే వచ్చేది. అక్కడ బ్యాటరీలు, జనరేటరు ఉండేవి. అందుకే వీధంతా చీకటైనా ఫోను మోగేది. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో వచ్చేది వెలుతురు, కరెంటు కాదు. అవతలి కొసన ఎన్ని బ్యాటరీలున్నా, మన గోడకున్న డబ్బా మనింటి ప్లగ్గు మీదే బతకాలి. ప్యాకేజీ అమ్మడానికి వచ్చిన అబ్బాయి ఈ ముక్క చెప్పలేదు. నేనూ స్పీడెంత, ఓటీటీలు ఎన్ని అనే అడిగాను.

నాన్న మొబైల్ తీస్తే సిగ్నల్ లేదు. అమ్మ ఫోనులోనూ లేదు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే టవరువి. ఆ వానలో డెబ్బై రెండేళ్ల మనిషి మెట్లెక్కి పై వాటా తలుపు తట్టారు. అద్దెకున్న అబ్బాయి ఫోను వేరే కంపెనీది. దాంతోనే 108కి, ఆ తర్వాత నాకు ఫోను చేశారు. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు, అమ్మ పది రోజులు మంచం మీద ఉండి లేచింది. పై వాటా ఖాళీగా ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

ఆ వారమే అమ్మ నంబరును వేరే కంపెనీకి మార్చాను. 1900కు పోర్ట్ మెసేజ్ పెడితే కంపెనీ మారడానికి కోడ్ వస్తుంది, నంబరు మారదు. కరెంటు పోయినా డబ్బా నడిచేలా దానికి చిన్న బ్యాటరీ యూపీఎస్ కొన్నాను. కొనేటప్పుడు డబ్బా అడాప్టరు మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేదే తీసుకోండి.

కరెంటు ఉన్నా అన్నీ ఒకే తీగకు వేలాడితే ఏమవుతుందో హైదరాబాదులోనూ చూశాను. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, నగరమంతా కరెంటు స్తంభాల మీది నెట్టు, టీవీ కేబుళ్లు కత్తిరించారు. ప్రాణాల కంటే కేబుళ్లు ఎక్కువేమీ కాదు. కానీ ఏళ్ల తరబడి స్తంభానికి పాతిక తీగలు చుట్టుకుంటూ పోతుంటే ఎవరూ పట్టించుకోకపోవడం, ఆ తర్వాత ఒక్కసారిగా కత్తెర పట్టుకోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. మా వీధిలో మూడు రోజులు నెట్టు లేదు.

ఇక ధర సంగతి. ప్రకటనలో కనిపించే అంకెకు 18 శాతం జీఎస్టీ కలుపుకొని చూడండి. స్పీడు చెప్పే ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే, వంద కాదు. అమ్మానాన్నలు ఇద్దరే ఉండి, టీవీ చూసి మనవలతో వీడియో కాల్ మాట్లాడే ఇంటికి 40 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది. ఏడాది డబ్బు ఒకేసారి కడితే నెల ఉచితం అంటారు, మొదటిసారే అలా కట్టకండి. ముందు మీ వీధిలో అదే కనెక్షన్ ఉన్న రెండిళ్లకు వెళ్లి, లైను పోయి డబ్బాలో ఎర్రదీపం వెలిగితే బాగుచేసే మనిషి ఎన్ని రోజులకు వస్తున్నాడో అడగండి. మా కంపెనీ కాల్ సెంటరులో ఆ జవాబు నాకు ఏనాడూ దొరకలేదు. లైనుమన్ నంబరు ఉన్న పొరుగింటాయన దగ్గర అరనిమిషంలో దొరికింది.

నాన్నకు ఆ డబ్బా మీద నమ్మకం ఇంకా కుదరలేదు. కరెంటు పోయిన ప్రతిసారీ లేచి వెళ్లి రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంటారు. డయల్ టోన్ వినిపించాకే వచ్చి పడుకుంటారు.