లండన్‌లో మా ఇంట్లో చేసిన మైల్డ్ ఏల్ (చేదు తక్కువుండే ఇంగ్లిష్ బీరు) నీళ్లలా ఉంటోంది, చక్కెర కలపాలా?

వద్దండి. అరకిలో చక్కెర వేస్తే ఈస్ట్ దాన్నంతా తినేస్తుంది. మత్తు పెరుగుతుంది, బీరు ఇంకా పలచనవుతుంది.

బర్మింగ్‌హామ్‌లో నా మొదటి రెండు బ్యాచులూ మీరు చెప్పినట్టే వచ్చాయి, చూడ్డానికి నల్లగా, తాగితే ఏమీ లేనట్టు. కారణం మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గింజలు నానబెట్టిన వేడి. 65 డిగ్రీల దగ్గర పిండిపదార్థం చాలావరకు ఈస్ట్ తినగల చక్కెరైపోతుంది. 69 దగ్గర గంటసేపు ఉంచితే ఈస్ట్‌కి కొరుకుడుపడనివి ఎక్కువ మిగులుతాయి. నోటికి తగిలే చిక్కదనం వాటిదే. నేను పెద్ద గిన్నెలో గుడ్డసంచి వేసి, పాత దుప్పటి చుట్టి వదిలేస్తాను. గంట తర్వాత సంచి ఎత్తి పిండుతుంటే ఇల్లంతా ఒకటే వాసన, రాగి జావ కాస్తున్నావా అని మా ఆవిడ ప్రతిసారీ అడుగుతుంది.

20 లీటర్లకి నా లెక్క ఇది: మారిస్ ఆటర్ మాల్ట్ 2.8 కిలోలు, మీడియం క్రిస్టల్ మాల్ట్ 350 గ్రాములు, చాక్లెట్ మాల్ట్ 150 గ్రాములు (పేరే చాక్లెట్, అది మాడబెట్టిన బార్లీ). ఫగుల్ రకం హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) 35 గ్రాములు గంటసేపు మరగాలి, అంతే. చివర్లో ఇంకో గుప్పెడు హాప్స్ వేయాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. పులియబెట్టడానికి ఎస్-04 అనే ఈస్ట్, 18–19 డిగ్రీల్లో. గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే సాంద్రత) 1.035తో మొదలై 1.012 దగ్గర ఆగితే ఆల్కహాల్ 3 శాతం. మైల్డ్‌కి అది తక్కువేం కాదు. అసలు ఆ మాటకి ఒకప్పుడు అర్థం నిలవ పెట్టని తాజా బీరు అనే. బర్మింగ్‌హామ్ దగ్గరి సెడ్జ్‌లీలోని బీకన్ హోటల్‌లో కిటికీ లాంటి సందులోంచి అందించే డార్క్ రూబీ అనే బీరు 6 శాతం, అదీ మైల్డే.

మూడో బ్యాచ్ మాత్రం నన్ను ఏడిపించింది. చిక్కదనం వచ్చింది, దాంతోపాటు మాడిన కాఫీ లాంటి ఘాటు పులుపూ వచ్చింది. ఈసారి తప్పు నీళ్లది. మాకు 1904 నుంచీ వేల్స్‌లోని ఎలాన్ లోయ నీళ్లే, కెటిల్‌లో తెల్లపొర కూడా కట్టనంత మెత్తనివి. నల్ల మాల్ట్ తెచ్చే ఆమ్లాన్ని ఆపే బైకార్బొనేట్ వాటిలో దాదాపు ఉండదు. ఇప్పుడు మాల్ట్ నానబెట్టేటప్పుడే 2 గ్రాముల వంటసోడా వేస్తున్నాను. మీరు లండన్ అన్నారు కదా, అక్కడివి కఠిన జలాలు, సోడా జోలికి పోకండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ పోవడానికి సగం క్యామ్డెన్ బిళ్ల (సల్ఫైట్ బిళ్ల) చాలు.

సీసాల్లో నింపేటప్పుడు గ్యాస్ పుట్టడానికి వేసే చక్కెర మాత్రం 20 లీటర్లకీ కలిపి 60 గ్రాములు మించొద్దు, మైల్డ్‌లో బుసబుసలు బాగోవు. మూడో వారంలో మొదటి సీసా తీయండి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే రుచే తెలియదు.

ఇండియా నుంచి చదివేవాళ్లకి ఒక మాట: ఇక్కడ బ్రిటన్‌లో సొంతానికి కాచుకోడానికి 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు, అమ్మితేనే గొడవ. ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు.

ఇంతకీ 65 దగ్గర ఎందుకు నానబెట్టానంటే, నేను 68 అనుకున్నాను. ముందు మీ థర్మామీటర్‌ని మరిగే నీళ్లలో పెట్టి చూడండి. నాది 103 చూపించింది.