ఇఫ్ రాసే ముందు కాగితం తియ్యి

చిత్తూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాయన దీవెనలు.

నువ్వు తిరుపతి హాస్టల్ నుంచి పంపిన పైథాన్ (కంప్యూటర్ భాష) ప్రోగ్రాం చూసినాను. ఎర్రర్ ఏమీ రాలేదు, జవాబు మాత్రం తప్పు. నాకు భయం వేసేది ఇట్లాంటి తప్పులకే.

పాల సేకరణ కేంద్రానికి రేటు లెక్క రాసిన కొత్తలో నేనూ ఇదే చేసినాను. ఫ్యాట్ (పాలలో కొవ్వు శాతం) 3 గానీ అంతకు మించి గానీ ఉంటే ఒక రేటు, 6 గానీ ఆపైన గానీ ఉంటే పెద్ద రేటు. 'ఇట్లా అయితే' అనే ఇఫ్‌లో 3 పెట్టి, దాని కింద 'అది కాకపోతే ఇది చూడు' అనే ఎలిఫ్‌లో 6 పెట్టినా. ఒక అవ్వ తెచ్చిన ఎనుము పాలకు ఫ్యాట్ 7 వచ్చింది. 7 అంటే 3 కంటే ఎక్కువే కదా! పైథాన్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది, మొదట ఏ షరతు నిజమైతే అక్కడి పని చేసి బయటికి పోతుంది. కింది ఎలిఫ్ మొహం కూడా చూడదు. అవ్వకు ఆవుపాల రేటు పడింది. "నీళ్లు కలిపినాననుకున్నారా నాయనా?" అని ఆమె అడిగితే తలెత్తలేకపోయినాను. 6 షరతును పైకి తెచ్చి, 3 ను కిందికి దించితే లెక్క సరిపోయింది. ఆ పూట బిల్లులన్నీ మళ్లీ రాసిచ్చినాం.

నీ ప్రోగ్రాంలోనూ వరసే తప్పు. ఇంకొన్ని తప్పులను పైథానే పట్టిస్తుంది. మనం టైపు చేసింది తీసుకునే ఇన్‌పుట్ ఇచ్చేది అంకె కాదు, అక్షరాలు. అంకెగా మార్చే ఇంట్ వెయ్యకుండా, అంకెతో ఎక్కువా తక్కువా అని పోలిస్తే పైథానే టైప్ ఎర్రర్ అంటుంది. ఇఫ్‌లో సమానమా అని అడిగే == బదులు ఒక్క = పెట్టినా, చివర కోలన్ మరిచినా ఆపేస్తుంది. వాటికి దిగులుపడొద్దు. స్పేసుల దగ్గర మాత్రం జాగ్రత్త. ఏ షరతూ కుదరకపోతే నడిచే ఎల్స్ కింద నాలుగు స్పేసుల లోపల ఉండాల్సిన రెండు లైన్లలో రెండోది అంచుకు జరిగిందనుకో, అది ఎవరికైనా నడుస్తుంది, పైథాన్ నోరు మెదపదు.

ఇప్పుడు బస్సు టికెట్ లెక్క రాయి. 5 ఏళ్ల లోపు బిడ్డకు టికెట్ లేదు, 12 దాకా హాఫ్, ఆపైన ఫుల్. 12 నిండిన బిడ్డ ఎటు పోవాలో ముందు నువ్వు తేల్చుకోవాల. < పెట్టాలా <= పెట్టాలా అన్నది దాన్నిబట్టే. రాసినాక 4, 5, 12, 13 ఇచ్చి చూడు. 8, 30 ఇస్తే అన్నీ బాగున్నట్టే కనబడతాయి, తప్పులు దాక్కునేది గట్టు మీది అంకెల్లోనే.

ఆదివారం తిరుపతికి వస్తున్నా. షరతులు వరసగా రాసిన కాగితం తీసిపెట్టు, ల్యాప్‌టాప్ ఆ తర్వాత తెరుద్దాం.

మీ పెదనాయన