అభిమాన రచయిత్రి నవల నచ్చకపోతే

ఇష్టమైన రచయిత నవల ఒకటి నిరాశపరిస్తే మళ్లీ ఆ రచయిత పుస్తకాల జోలికి వెళ్లొచ్చా అని అడిగారు. నిక్షేపంగా వెళ్లొచ్చు, నేను వెళ్లాను.

నన్నలా నిరాశపరిచిన రచయిత్రి పేరు చెప్పను. చెబితే అసలు విషయం పక్కకుపోయి కొట్లాట మొదలవుతుంది. నాలుగు పేజీల కథలో ఇల్లంతా కళ్లకు కట్టించే మనిషి. అందుకే డిసెంబరులో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియం బుక్ ఫెయిర్‌లో ఆవిడ లావుపాటి నవల కనబడగానే ధరైనా చూడకుండా కొనేశాను. సగానికి రాకముందే నీరసం వచ్చేసింది. ప్రతి అధ్యాయం చివరా తలుపు చప్పుడో, టెలిగ్రామో. పేజీ తిప్పితే వచ్చినవాడు పాలవాడు! పైగా హీరోయిన్‌కి మేనమామ చేసిన అన్యాయం ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకొస్తారు. ఇందాకే చదివాం కదమ్మా అనిపిస్తుంది.

ఎందుకలా ఉందో తర్వాత ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది. అదే నవల, బైండు చేసింది దొరికింది. ఎవరో వారపత్రికలోంచి సీరియల్ పేజీలు చింపి వరసగా కుట్టించుకున్నారు. ఒకప్పుడు చాలా ఇళ్లలో ఇది మామూలే. పైన ఆర్టిస్టు వేసిన బొమ్మ, చివర 'సశేషం', వెనక పేజీలో సగం గోంగూర పచ్చడి తయారీ. వారానికి కొన్ని పేజీలే. చదివేవాళ్లని వచ్చే సంచిక దాకా పట్టి ఉంచాలి, కిందటి సంచిక దొరకనివాళ్లకి కథ అందించాలి. ఆ తలుపు చప్పుడుకి అప్పటివాళ్లు వారమంతా టెన్షన్ పడి ఉంటారు. నాకు రెండు సెకన్లలో పాలవాడు ప్రత్యక్షమయ్యాడు.

పాపం, వారం వారం హడావిడిగా రాయాల్సి వచ్చేదని వెనకేసుకొచ్చేవాళ్లుంటారు. హడావిడిదేముంది? 'వేయిపడగలు' అంత పెద్ద నవలనే విశ్వనాథ సత్యనారాయణ నోటితో చెబుతుంటే తమ్ముడు రాసుకున్నారని, 29 రోజుల్లో అయిపోయిందని చెబుతారు. సీరియల్‌గా రావడమూ నేరం కాదు. పుస్తకంగా వేసేటప్పుడు ఆ పునశ్చరణలన్నీ కత్తిరించాల్సింది. మన దగ్గర పత్రికలో వచ్చింది వచ్చినట్టు అచ్చేయడం మామూలైపోయింది. నా కోపమంతా అక్కడే.

మీ చేతిలో ఉన్న నవలకి ముందుమాట ఉంటే ఓసారి చూడండి. ఫలానా పత్రికలో సీరియల్‌గా వచ్చిందని ఉంటే ఏకబిగిన చదవొద్దు, రోజుకో అధ్యాయం చాలు. అలా కూడా సాగకపోతే మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి. ఆ తర్వాత ఆవిడ కథల సంపుటి ఇంకోటి చదివాను, హాయిగా ఉంది.

బైండు మాత్రం బొమ్మల కోసం కొనుక్కున్నాను. కొత్త ప్రతి మా చెల్లికిచ్చేశాను. దానికి నవల తెగ నచ్చేసింది. నీకు ఓపిక లేదక్కా అని ఇప్పటికీ పోట్లాడుతూనే ఉంది.