నాన్న పోలింగ్ డ్యూటీ చూసి...

ప్రశ్న: మావారిది ఇంకా గ్రీన్ కార్డే. అయినా ఎన్నికలొస్తే ఆఫీసుకి సెలవు పెట్టి పోలింగ్ కేంద్రంలో పనిచేస్తారు. ఇంగ్లిష్ అంతగా రాని మన పెద్దవాళ్లకు అన్నీ ఓపిగ్గా చెబుతారు. అది చూసి, ఇక్కడే పుట్టిన మా పదహారేళ్ల అబ్బాయి తానూ ప్రజల పనిలోకే వెళ్తానంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ పనుల వల్ల మావారి సిటిజన్‌షిప్‌కి ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: వాళ్ల నాన్న చేస్తున్న పనితోనే మొదలుపెట్టమనండి. అంతకన్నా మంచి బడి లేదు. కాలిఫోర్నియాలో 16 ఏళ్లు నిండిన హైస్కూలు పిల్లలను పోలింగ్ సిబ్బందిగా తీసుకుంటారు. మార్కుల సగటు (జీపీఏ) కనీసం 2.5 ఉండాలి. మీ అనుమతి, స్కూలు అనుమతి రెండూ కావాలి. దరఖాస్తు కౌంటీ ఎన్నికల కార్యాలయానికి పెట్టుకోవాలి. స్కూలు సంతకం దగ్గరే ఆలస్యమవుతుంది కాబట్టి ముందుగానే కదలండి. ఆ రోజు బడి మానినా చట్టప్రకారం అది అనుమతి ఉన్న సెలవే. ఓటింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా. 8 గంటలకు వరసలో నిలబడి ఉన్న ప్రతి ఒక్కరికీ ఓటు వేసే హక్కుంది, వాళ్లను వెనక్కి పంపకూడదు.

అక్కడ అతను ముఖ్యంగా నేర్చుకోవాల్సింది సంతకం విలువ. పోస్టు బ్యాలెట్ కవరు మీద సంతకం లేకపోయినా, రికార్డులో ఉన్నదానితో కలవకపోయినా ఆ ఓటు ఆగిపోతుంది. సరిచేసుకోమని కౌంటీ నుంచి ఉత్తరం వస్తుంది. మన పెద్దవాళ్లు ఒకచోట తెలుగులో, మరోచోట ఇంగ్లిష్‌లో సంతకం పెడతారు. ఆ ఉత్తరం ఏదో ప్రకటన అనుకుని పక్కన పడేస్తే ఓటు పోయినట్టే. కవరు పెట్టెలో వేసేముందు "సంతకం చేశారా తాతగారూ?" అని అడిగితే ఒక ఓటు నిలుస్తుంది. అయితే ఎవరికి వేయాలో మాత్రం తెలుగులోనైనా సరే చెప్పకూడదు. పోలింగ్ కేంద్రానికి 100 అడుగుల లోపల అభ్యర్థి పేరున్న టీషర్టు కూడా నిషేధమే.

మీవారి సంగతి. పోలింగ్ పనికి భయం లేదు. గ్రీన్ కార్డు ఉన్నవారు ఆ పని చేయడానికి కాలిఫోర్నియా చట్టమే ఒప్పుకుంటుంది. అసలు ప్రమాదం డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో ఉంది. లైసెన్సు పనికి వెళ్లినప్పుడు సిటిజనా అని అడుగుతారు. తొందరలో అవును అని నొక్కితే ఓటరుగా నమోదైపోవచ్చు. తర్వాత సిటిజన్‌షిప్ కోసం పెట్టే ఎన్-400 దరఖాస్తులో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అన్న ప్రశ్న తప్పదు. సిటిజన్‌నని తప్పుగా చెప్పుకోవడం దేశం నుంచి పంపించేదాకా కూడా వెళ్లగలదు. కాబట్టి ఆ తెర ముందు ఆగి, చదివి, జవాబివ్వమనండి. అబ్బాయి ఇక్కడే పుట్టాడు కాబట్టి ఇప్పుడే ముందస్తు నమోదు చేసుకోవచ్చు. 18 నిండగానే ఓటరవుతాడు.

ప్రజల పని అంటే ఎన్నికల్లో నిలబడటమే అనుకోనక్కర్లేదు. హైదరాబాదులో పుట్టి ఏడేళ్లప్పుడు అమెరికా వెళ్లిన అరుణా మిల్లర్, మేరీల్యాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో దాదాపు పాతికేళ్లు ఇంజినీరుగా పనిచేశారు. శాసనసభకు 2010లో ఎన్నికయ్యారు, లెఫ్టినెంట్ గవర్నర్ (రాష్ట్రంలో గవర్నరు తర్వాతి పదవి) అయింది 2023లో.

పోలింగ్ తర్వాత సిటీ కౌన్సిల్ సమావేశాలకు పంపండి. మామూలు సమావేశం అజెండా 72 గంటల ముందే పెట్టాలి, ఎవరైనా మాట్లాడవచ్చు. దొరికేది రెండు మూడు నిమిషాలే. పిల్లలు పరిచయాలతోనే ఆ సమయం గడిపేస్తారు. అంశం సంఖ్య, వీధి పేరు, కావలసింది ఏమిటో మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. స్థానిక పాలనలో నియామకంతో సభ్యులను తీసుకునే కమిషన్లలో ఖాళీ కాబోయే స్థానాల జాబితాను ప్రతి నగరమూ, కౌంటీ డిసెంబరు 31లోగా తయారు చేయాలి. అబ్బాయికి యువజన కమిషన్ ఉందేమో చూడండి. నియామక పదవులకు సిటిజన్‌షిప్ అక్కర్లేదని 2019లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది కాబట్టి అదే జాబితాలో మీవారికి తగినదీ వెతకండి.