మూడు రోజుల్లో అయిదు రౌండ్లా అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన కొండల్లో గోల్ఫ్ ట్రిప్ ప్లాన్ చూశా. ఎనిమిది మంది, మూడు రోజులు, పద్దెనిమిదేసి హోల్స్ చొప్పున అయిదు రౌండ్లు, పైగా దిగిన రోజు మధ్యాహ్నమే మొదటి రౌండ్. చదివి నవ్వుకున్నా. నేను కూడా మొదటిసారి కొండ మీద కోర్సుకి వెళ్ళినప్పుడు అచ్చం ఇలాగే వేశా, మూడో రోజుకి మాలో ఇద్దరు మంచం దిగలేదు, మిగతావాళ్ళం డబ్బు కట్టాం కదా అని ఈడ్చుకుంటూ ఆడాం. రెండు రౌండ్లు చాలురా. మరీ మనసొప్పకపోతే ఒక సాయంత్రం తొమ్మిది హోల్స్ కలుపుకో, అంతకుమించి వద్దు. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదువు, గోల్ఫ్ గురించి మొదలుపెడితే నాకు ఆపడం రాదని మీ అత్త ఎప్పుడూ అనేదే కదా.

దిగిన రోజు ఖాళీగా వదిలెయ్. ఎనిమిది వేల అడుగులు దాటాక చాలామందికి తలనొప్పి, ఆయాసం, రాత్రి నిద్ర పట్టకపోవడం ఉంటాయి, నువ్వు రోజూ పరిగెత్తేవాడివైనా సరే, దానికీ ఫిట్‌నెస్‌కీ సంబంధం లేదు. అంతకంటే తక్కువ ఎత్తులో కూడా ఒంట్లో నీళ్ళు తొందరగా అయిపోతాయి, చల్లగా ఉంటుంది కాబట్టి దాహం తెలీదు. ఎండ కూడా అంతే. వెయ్యి మీటర్లు పైకెళ్తే యూవీ సుమారు పది శాతం పెరుగుతుంది, చల్లగాలికి ఏమీ కాలట్లేదనుకుని సాయంత్రానికి మెడ వెనక అట్టు కాల్చినట్టు అవుతుంది. ఆ రోజు పుటింగ్ గ్రీన్ మీద, అంటే బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించే ప్రాక్టీస్ చోట ఓ అరగంట, దూరం కొట్టి ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో ఓ బుట్ట బంతులు, అంతే.

రేంజ్ ఎందుకంటే, పైన గాలి పలచగా ఉంటుంది, బంతి దూరం పోతుంది. వెయ్యి అడుగుల ఎత్తుకి సుమారు 1.2 శాతం అని లెక్క వేసుకో. అంటే 5,000 అడుగుల మీద ఆరు శాతం, 150 యార్డులు కొట్టే నీ సెవెన్ ఐరన్ కర్ర అక్కడ 159 పోతుంది. తొమ్మిది యార్డులేగా అనకు, గ్రీన్ (గుంత ఉండే నున్నటి పచ్చిక) వెనక లోయ ఉన్నప్పుడు ఆ తొమ్మిదే బంతిని మింగేస్తాయి. 2024లో కొలరాడోలోని కాసిల్ పైన్స్‌లో బీఎండబ్ల్యూ చాంపియన్‌షిప్ అనే ప్రోల టోర్నమెంట్ పెట్టినప్పుడు కోర్సుని 8,130 యార్డులకి సాగదీశారు, ఆరు వేల అడుగుల పైన ఉన్న కోర్సు అది, ప్రోలకి కూడా అంత పొడుగు కావాల్సి వచ్చింది. ఇంకోటి ఎవరూ చెప్పరు, పలచటి గాలిలో బంతి పైకి లేవడం తగ్గుతుంది, చదునుగా వచ్చి పడుతుంది, పడ్డాక ఎక్కువ దొర్లుతుంది. అందుకని గ్రీన్ ముందు భాగానికి గురిపెట్టు. స్లైస్, అంటే పక్కకి వంకర పోయే షాట్ కూడా కొంచెం తక్కువ తిరుగుతుంది, ఇది మాత్రం నీకు శుభవార్తే.

అయితే పొద్దున్నే చలిలో ఈ లెక్క మళ్ళీ మారిపోతుంది, చల్లబడ్డ బంతి మొండిగా ఉంటుంది, ఎత్తు వల్ల వచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది. ఒక స్పేర్ బంతిని జేబులో పెట్టుకుని హోల్ హోల్‌కీ మార్చుకుంటూ ఆడు.

దీని మీద ఎత్తుపల్లాలు. మూడు అడుగులు కిందికి ఉంటే ఒక యార్డు తీసెయ్, పైకి ఉంటే ఒక యార్డు కలుపు, అది మోటు లెక్కే గానీ పనికొస్తుంది. ఉదాహరణకి దూరం కొలిచే లేజర్‌లో 165 కనబడింది, గ్రీన్ 45 అడుగులు కిందుంది అనుకో, అది 150 అయింది. ఇప్పుడు నీ 150 కర్ర అక్కడ 159 పోతుంది కదా, కాబట్టి దానికంటే తక్కువ దూరం పోయే ఎయిట్ ఐరన్ తియ్యి. లేజర్‌లో స్లోప్ మోడ్ ఉంటే ఈ ఎత్తుపల్లం అదే చెప్తుంది, కానీ గాలి పలచదనం చాలా మెషిన్లు చెప్పవు, అది నువ్వే కలుపుకోవాలి. పందెం కాసుకుని సీరియస్‌గా ఆడేటట్టయితే స్లోప్ మోడ్ ఆఫ్ చెయ్యమని అందరికీ ముందే చెప్పు, లేకపోతే పద్దెనిమిదో హోల్ దగ్గర గొడవ.

గ్రీన్ల మీద కళ్ళని అస్సలు నమ్మకు. పక్కనే అంత పెద్ద కొండ నిలబడి ఉంటే దాన్ని చూసిన కళ్ళకి నేల ఎటు వాలిందో తెలీదు, ఎగువ అనుకున్న పుట్ జారిపోతుంది, దిగువ అనుకున్నది సగంలో ఆగిపోతుంది. కొండ ఎటుందో చూడు, బంతి దానికి దూరంగా, లోయ వైపు వెళ్తుందనుకుని మొదలుపెట్టు, అనుమానమొస్తే కర్రలు మోసే క్యాడీనో, మొదటి హోల్ దగ్గర ఆటగాళ్ళని పంపే స్టార్టర్‌నో అడుగు, అడిగితే పరువేం పోదు. ఫెయిర్‌వేలో, అంటే గ్రీన్ దాకా పోయే కత్తిరించిన గడ్డిలో కూడా చదునైన నేల దొరకడం కష్టం. బంతి కాళ్ళ కంటే ఎత్తులో ఉంటే కుడిచేతి వాడికి ఎడమకి పోతుంది, కిందుంటే కుడికి, వెళ్ళేముందు ఇక్కడే ఏదో ఒక గట్టు చూసుకుని నాలుగు రోజులు ప్రాక్టీస్ చెయ్యండి, కొత్త డ్రైవర్ కర్ర కొనడం కంటే అది నయం.

టీలు, అంటే హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోట్లు ఎంచుకునేటప్పుడు ఈగో పక్కన పెట్టండి. స్కోర్‌కార్డ్ మీద మామూలు ఆటగాళ్ళకి కోర్సు ఎంత కష్టమో చెప్పే స్లోప్ రేటింగ్ అని ఉంటుంది, 55 నుంచి 155 దాకా, మామూలు కోర్సుకి 113. కొండ కోర్సులు 135 పైన ఉండటం మామూలే. నీ హ్యాండిక్యాప్ ఇండెక్స్ (నీ ఆట స్థాయి చెప్పే అంకె) 18 అయితే 138 స్లోప్ మీద 18ని 138తో గుణించి 113తో భాగించు, 22 వస్తుంది, దానికి కోర్స్ రేటింగ్‌లోంచి (బాగా ఆడేవాడికి పట్టే షాట్లు) పార్ (కోర్సుకి నిర్ణయించిన షాట్లు) తీసేసిన తేడా కలుపు, ఆ టీ నుంచి నీకు దొరికే అదనపు షాట్లు అవి. ఈ లెక్క బుక్ చేసేటప్పుడే చేసుకుంటే ఏ టీ నుంచి ఆడాలో దానంతటదే తెలుస్తుంది. మీలో కొత్తవాళ్ళు ముగ్గురున్నారన్నావు, వాళ్ళని గ్రీన్‌కి దగ్గరగా ఉండే ముందు టీల నుంచి పంపు, ఒక రౌండ్ స్క్రాంబుల్ పెట్టు, అందరూ కొట్టి అందులో మంచి షాట్ నుంచి మళ్ళీ ఆడటం, అప్పుడు వాళ్ళూ సరదాగా ఉంటారు, మీరూ వాళ్ళ బంతులు వెతుకుతూ చెట్లల్లో తిరగక్కర్లేదు. వెతకడం కూడా మూడు నిమిషాలే, 2019 నుంచి రూల్ అది, ఇంకా అయిదు అనుకునేవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయం, తేదీలు. బుకింగ్ చేసేముందు ఫోన్ చేసి ఒకటే అడుగు, గ్రీన్లకి ఏరేషన్ ఎప్పుడు చేస్తున్నారు అని. నేలకి గాలి ఆడటానికి గ్రీన్ నిండా రంధ్రాలు పొడిచి ఇసుక పోస్తారు, చాలాచోట్ల వసంతంలోనో శరత్తులోనో, తగ్గింపు రేట్లు కనిపించేది కూడా సరిగ్గా అప్పుడే. ఒకసారి నేను ఆ తగ్గింపు చూసి ఎగిరి గంతేసి ఆరుగురికి బుక్ చేశా, వెళ్ళేసరికి గ్రీన్లు జల్లెడలా ఉన్నాయి, పుట్ కొడితే బంతి గంతులు. రిసార్ట్ వాళ్ళు నవ్వుతూ ఏమన్నారంటే, మీరు అడగలేదు కదండీ. నిజమే, అడగలేదు. వాళ్ళ బొమ్మల్లో ఒక్క రంధ్రం లేదు మరి, దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే సమయం పొద్దున్నే తీసుకో, కానీ మరీ మొదటిది కాదు. కొండల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు ఉన్నట్టుండి ఉరుములు పట్టుకుంటాయి, హారన్ మోగిందంటే ఎక్కడి బంతి అక్కడ వదిలేసి లోపలికి రావడమే, చెట్టు కింద నిలబడొద్దు, చివరి ఉరుము విన్నాక ముప్ఫై నిమిషాలు ఆగాలి. అలాగని తెల్లవారగానే మొదలుపెడదామంటే సీజన్ మొదట్లో, చివర్లో గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంటుంది, దాని మీద నడిస్తే గడ్డిలోని కణాలు పగిలి అడుగుల అచ్చులు నల్లగా పడిపోతాయి, అందుకే కరిగేదాకా ఎవర్నీ వదలరు. నువ్వు ఏడింటికి బుక్ చేసుకుంటే తొమ్మిదింటికి ఆడతావు, రోజంతా వెనక్కి జరిగి చివరి హోల్స్‌కి ఉరుముల్లో పడతావు. ఎనిమిదిన్నర ప్రాంతం బాగుంటుంది. ఎనిమిది మందికి రెండు టీ టైమ్‌లు పక్కపక్కనే కావాలని గట్టిగా చెప్పు.

గోల్ఫ్ కార్ట్ (చిన్న బండి) తీసుకోండి, నడుద్దామన్నావు గానీ గ్రీన్ నుంచి తర్వాతి టీకి ఒక్కోసారి అర కిలోమీటరు ఎక్కుడే ఉంటుంది. దిగేటప్పుడు వాలుకి అడ్డంగా తిప్పకండి, తడిగా ఉన్నప్పుడు కార్ట్ దారి వదిలి గడ్డి మీదికి పోకండి. కెనడాలో బ్యాన్ఫ్ లాంటి చోట సెప్టెంబర్‌లో ఎల్క్ జింకలు జతకట్టే కాలం, మగవి మీదికొస్తాయి, ఫొటో కోసం దగ్గరికి వెళ్ళొద్దు. ఆగి ఉన్న నీ బంతిని ఏదైనా జంతువు కదిపితే పెనాల్టీ లేదు, మొదట ఉన్నచోటే మళ్ళీ పెట్టాలి, అంతే తప్ప వెంటపడి లాక్కోవక్కర్లేదు.

డబ్బులు ముందే వసూలు చెయ్, కనీసం అడ్వాన్స్ అయినా. వస్తా అన్న ఎనిమిది మంది ఆఖరికి ఆరుగురవుతారు, క్యాన్సిలేషన్ రూల్ చదివి అందరికీ పంపి ఆ తర్వాతే కార్డ్ గీకు.

సామాన్లలో ఒకదాని మీద ఒకటి వేసుకునేలా పలచటి బట్టలు, రెయిన్ జాకెట్, రెండు జతల గ్లవ్స్, బంతులు ఎప్పుడూ తీసుకెళ్ళేదానికి రెట్టింపు. లేజర్ స్పేర్ బ్యాటరీలు లితియం కాబట్టి క్యాబిన్ బ్యాగ్‌లోనే పెట్టాలి. క్లబ్బులు చెక్ ఇన్‌లో వేసేటప్పుడు డ్రైవర్ హెడ్ విప్పి సాక్సుల్లో చుట్టు, బ్యాగ్‌లో డ్రైవర్ కంటే పొడుగ్గా ఒక గట్టి కర్ర నిలబెట్టాలి, దెబ్బ తగిలితే దానికి తగులుతుంది. అది నా దగ్గరుంది, ట్రావెల్ బ్యాగ్ కూడా ఉంది, జిప్ ఒకచోట పట్టేస్తుంది, కొంచెం సబ్బు రాస్తే జారుతుంది. ఆదివారం వచ్చి పట్టుకుపో, వచ్చేటప్పుడు ఆ ప్లాన్ మార్చి ప్రింట్ తీసుకురా, ఫోన్‌లో నాకు కనబడట్లేదు.

మీ మావయ్య