పొగ డిటెక్టర్‌కి రెండు వైర్లే ఉన్నాయేంటి?

ప్రశ్న: ఒక ఆఫీసులో ఫైర్ అలారం మొత్తం మార్చేస్తుంటే పాత పొగ డిటెక్టర్లు ఆరు నా చేతికొచ్చాయి, బేస్‌లతో సహా. వాటికి మైక్రోకంట్రోలర్ బోర్డు తగిలించి ఇంటికి సొంతంగా అలారం చేసుకుందామని నా ఆలోచన. కానీ ఒక్కోదానికి పనిచేసే వైర్లు రెండే, ప్లస్సూ మైనస్సూ. 24 వోల్టులిచ్చి కాగితం కాల్చి పొగ చూపిస్తే ఎర్ర లైటు వెలిగింది, పొగ పోయాక కూడా ఆరలేదు. ఇది పాడైపోయిందా? అసలు సిగ్నల్ ఏ వైరు మీద వస్తుంది?

జవాబు: పాడవలేదండీ, దాని పని అది చక్కగా చేసింది. మీ దగ్గరున్నవి కన్వెన్షనల్ రకం. వాటికి వేరే సిగ్నల్ వైరంటూ ఉండదు, కరెంటు వచ్చే ఆ రెండు వైర్లే కబురు కూడా మోస్తాయి. మామూలప్పుడు ఒక్కో డిటెక్టర్ మిల్లీ ఆంపియర్‌లో పదో వంతో అంతకన్నా తక్కువో తీసుకుంటూ ఊరుకుంటుంది, పొగ కనిపించగానే లైన్ మీద పెద్ద లోడ్ లాగా మారిపోయి ఒక్కసారిగా పదుల మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ప్యానెల్ (డిటెక్టర్ల వైర్లన్నీ వచ్చి చేరే కంట్రోల్ పెట్టె) చూసేది ఆ తేడానే. ఒకసారి పట్టుకుందంటే వదలదు, సప్లై కొన్ని సెకన్లు ఆపి మళ్ళీ ఇస్తేనే మామూలు స్థితికొస్తుంది. ఏ గదిలోది మోగిందో తర్వాత వెళ్ళి చూసుకోవడానికి అలా చేశారు.

ఇక్కడో హెచ్చరిక. మధ్యలో రెసిస్టర్ లేకుండా నేరుగా 24 వోల్టులు ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఈసారికి బతికిపోయారు, మళ్ళీ చేయకండి. ఈ రకం డిటెక్టర్లలో చాలావాటికి కరెంటును అదుపులో పెట్టేది ప్యానెలే, డిటెక్టర్ లోపల ఆ ఏర్పాటు ఉండదు. బ్యాటరీకి నేరుగా తగిలిస్తే మొదటి అలారమే ఆఖరి అలారం కావచ్చు.

నేనైతే ఇలా కడతాను. 24 వోల్టుల సప్లై, దాని తర్వాత 680 ఓమ్‌ల రెసిస్టర్ (రెండు వాట్లది పెట్టండి, లైన్ షార్ట్ అయితే దాని మీద దాదాపు 0.85 వాట్ల వేడి పడుతుంది), అక్కడి నుంచి డిటెక్టర్లు ఒకదాని తర్వాత ఒకటి, ఆఖరి డిటెక్టర్ బేస్‌లో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఇప్పుడు 680 దాటాక లైన్ మీద వోల్టేజి కొలవండి. అంతా బాగుంటే 21 చుట్టుపక్కల ఉంటుంది. ఎక్కడైనా వైరు తెగితే 24కి ఎగబాకుతుంది. పొగ వస్తే డిటెక్టర్‌ను బట్టి పదికి అటూ ఇటూ పడిపోతుంది, షార్ట్ అయితే సున్నా. ఆ రెండు వైర్లతోనే నాలుగు సంగతులు తెలిసిపోయాయి చూడండి. బోర్డుకి 24 వోల్టులు నేరుగా చూపించకూడదు కాబట్టి పదో వంతుకి తగ్గించే డివైడర్ పెట్టాలి. బ్యాటరీ నిండుగా ఛార్జ్ మీద ఉంటే ఆ 24 కాస్తా 27.6 దాకా పోతుంది, అప్పుడు పైన చెప్పిన అంకెలన్నీ కదులుతాయి, అందుకని సప్లై వోల్టేజిని కూడా కొలిచి రెండిటి నిష్పత్తి చూసుకోండి. మీ మోడల్ డేటా షీటులో అలారం కరెంటు, కనీస వోల్టేజి వేరేగా ఉంటే నా 680 కాదు, వాళ్ళ లెక్కే ఖాయం.

ఆ 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే సొంతంగా చేసుకునేవాళ్ళు మొదట పీకేసేది దాన్నే. కొందరు తీసుకెళ్ళి ప్యానెల్ పెట్టెలో, వైర్లు మొదలయ్యే చోటే బిగిస్తారు. మీటర్‌లో 21 కనిపిస్తుంది, సంతోషం, కానీ బయట వైరు మొత్తం ఊడిపోయినా అదే 21 కనిపిస్తూ ఉంటుంది! అది లైన్ ఆఖర్లో ఉండాలి. మధ్యలో కొమ్మలు తీయకూడదు, కొమ్మ తెగితే ప్యానెల్‌కి తెలీదు. బేస్‌లో బిగించేటప్పుడు కూడా వైరును కొయ్యకుండా తోలు మాత్రం తీసి స్క్రూ చుట్టూ తిప్పేయొద్దు, కోసి, వచ్చేది ఒకటి పోయేది ఒకటిగా రెండు కొసలూ విడివిడిగా పెట్టండి. స్క్రూ వదులైతే లైన్ తెగినట్టు తెలియాలంటే అదొక్కటే దారి. చాలా బేస్‌లలో డిటెక్టర్‌ని తిప్పి తీసేస్తే లైన్ తెగేలా ఏర్పాటు ఉంటుంది, రంగులేసేటప్పుడు పక్కన పెట్టి మళ్ళీ తగిలించడం మర్చిపోయినా ప్యానెల్ గుర్తు చేస్తుంది.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే నేనూ ఒకప్పుడు ఈ పని చేసి బోల్తా పడ్డాను. నెలనెలా టెస్ట్ బటన్ నొక్కేవాణ్ణి, సైరన్ ఇల్లదిరేలా మోగేది, నేను తృప్తిగా వెళ్ళి పడుకునేవాణ్ణి. ఆ బటన్ ఉన్నది ప్యానెల్ పక్కనే. పైగదికి వెళ్ళే వైరును అటకమీద ఎలుక ఎప్పుడు కొరికిందో ఏమో, బల్బు మార్చడానికి ఎక్కినప్పుడు చూశాను. అన్ని నెలలూ నేను పరీక్షించింది సైరన్‌ని, వ్యవస్థని కాదు. పనిచేస్తూ మౌనంగా ఉన్న అలారం, చచ్చి మౌనంగా ఉన్న అలారం బయటికి ఒకేలా కనిపిస్తాయండీ. కొన్న ప్యానెల్‌లో మనం డబ్బు పెట్టేది చాలావరకు ఈ తేడా చెప్పగలిగే తెలివికే. మీ డిటెక్టర్లకు ఎన్ని సర్టిఫికెట్లున్నా మీ బోర్డుకీ ప్రోగ్రామ్‌కీ అవి అంటవు.

అందుకే నా సలహా, మీకు నచ్చకపోవచ్చు: పడకగది దగ్గరా మెట్ల దగ్గరా బ్యాటరీతో నడిచే మామూలు పొగ అలారం, తనలోనే బజర్ ఉన్నది, ఒక్కొక్కటి వేరుగా పెట్టేయండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 14604 ప్రకారం వాటి మోత 3 మీటర్ల దూరంలో కనీసం 85 డెసిబెల్స్ ఉండాలి. మీరు చేసేది దాని మీద అదనం. ప్రోగ్రామ్ తడబడినా నిద్ర లేపేవాడు ఒకడుంటాడు.

ఇక బోర్డు. సైరన్ మోగాలంటే వైఫై కావాలి అనే పరిస్థితి రానివ్వకండి, మంటలప్పుడు మొదట పోయేవాటిలో ఇంటి కరెంటు ఒకటి, దాంతోపాటే రౌటరూ. ఫోన్‌కి మెసేజ్ రావడం బాగానే ఉంటుంది గానీ అది తర్వాతి మాట. వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఎక్కడైనా ఆగిపోతే బోర్డుని దానంతట అదే రీస్టార్ట్ చేసే ఏర్పాటు) తప్పకుండా ఆన్ చేయండి. సైరన్‌ని ఒకటే పనిగా మోగించకుండా అర సెకను మోత మూడుసార్లు, వాటి మధ్య అర సెకను విరామం, మూడో మోత తర్వాత ఒకటిన్నర సెకన్ల నిశ్శబ్దం, మళ్ళీ మొదటి నుంచి, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8201లో 'ఖాళీ చేసి వెళ్ళండి' అనడానికి పెట్టిన వరస ఇదే. బ్యాటరీకి లెక్క: కరెంటు పోయాక 24 గంటలు కాపలా, ఆపైన అరగంట సైరన్. బోర్డూ లైనూ కలిపి 100 మిల్లీ ఆంపియర్లు తింటాయనుకుంటే రోజుకి 2.4 ఆంపియర్ అవర్, సైరన్ 300 మిల్లీ ఆంపియర్లదైతే అరగంటకి ఇంకో 0.15. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో పెడితే పాతబడ్డాక కూడా నెట్టుకొస్తాయి.

చివరగా, మీ డిటెక్టర్ల మీద తయారీ తేదీ చూశారా? డిటెక్టర్ లోపల పొగ చేరే చిన్న అరలో దుమ్ము పేరుకుని, లోపలి భాగాలు మందగించి, పదేళ్ళు దాటితే నమ్మడం కష్టం. ఆఫీసు వాళ్ళు ఎందుకు మార్చారో ఆలోచించండి. పాతవైతే బల్ల మీద ప్రయోగాలకు వాడుకుని, పైకప్పుకి కొత్తవి కొనండి. లేబుల్ మీద రేడియేషన్ గుర్తు ఉంటే అది అయొనైజేషన్ రకం, లోపల అతికొద్దిగా అమెరీషియం-241 ఉంటుంది. మూసి ఉన్నంతవరకు భయం లేదు, కుతూహలం కొద్దీ విప్పొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దు.

ప్రశ్న: ఇంత గొడవెందుకు, ఎంక్యూ-2 సెన్సర్ మాడ్యూల్ ఉందిగా? పొగ కూడా పసిగడుతుందని రాశారు.

జవాబు: రాశారు, నిజమే. అది టిన్ ఆక్సైడ్ పూతని వేడి చేసి గ్యాస్ పసిగట్టే సెన్సర్. వంటగ్యాసుకీ ఆల్కహాల్‌కీ పొగకీ అన్నిటికీ స్పందిస్తుంది, ఏది వచ్చిందో చెప్పదు. గాలిలో తేమ మారినా రీడింగ్ మారిపోతుంది, హీటర్ ఒక్కటే 150 మిల్లీ ఆంపియర్ల దాకా తింటుంది, కాబట్టి బ్యాటరీ సంగతి మీరే ఊహించుకోండి. మొదటిసారి వాడేముందు ఒక రోజంతా వేడెక్కనివ్వాలి కూడా. నేర్చుకోవడానికి బాగుంటుంది. పిల్లలు నిద్రపోయే గదికి కాపలా పెట్టను నేను.

ప్రశ్న: వంటింట్లో పెట్టిన పొగ డిటెక్టర్ రోజూ మోగుతోంది, టెన్షన్‌తో చస్తున్నాం. ప్రోగ్రామ్‌లో సెన్సిటివిటీ తగ్గించవచ్చా?

జవాబు: కన్వెన్షనల్ డిటెక్టర్ నిర్ణయం తనే తీసుకుంటుంది, మీ ప్రోగ్రామ్‌కి చేరేది అవును కాదు మాత్రమే, తగ్గించడానికేమీ లేదు. అక్కడ పొగది తీసేసి హీట్ డిటెక్టర్ పెట్టండి. 57 డిగ్రీల దగ్గర పనిచేసేవి మామూలుగా దొరుకుతాయి, నిమిషానికి 8 డిగ్రీలకు మించి వేడి పెరిగితే అంతకుముందే మోగే రకమూ ఉంది. అదే లైన్ మీద, అదే రకం బేస్‌లో పొగ డిటెక్టర్ స్థానంలోకి చాలా కంపెనీలవి సరిపోతాయి. తీసిన పొగ డిటెక్టర్‌ని వంటింటి బయట, పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరంలో, గోడకి 30 సెంటీమీటర్లు ఎడంగా పైకప్పుకి బిగించండి.

ప్రశ్న: ఇంటి మెయిన్ కరెంటుతో నడిచి ఒకదానితో ఒకటి కలిపి మోగే అలారాలున్నాయి. ఆ మూడో వైరుని బోర్డుకి తగిలించనా?

జవాబు: వద్దు. వాటిలో కొన్నిటికి ఆ వైరు మీది 9 వోల్టులు న్యూట్రల్‌ని ఆధారం చేసుకుని ఉంటాయి, అంటే మీ బోర్డు, దానికి పెట్టిన యూఎస్‌బీ కేబుల్, చివరికి మీ చెయ్యి అన్నీ మెయిన్స్‌కి కలిసినట్టే. అదే కంపెనీ అమ్మే రిలే మాడ్యూల్ (మెయిన్స్‌తో కలవకుండా విడిగా ఉండే స్విచ్ లాంటిది) తీసుకుని దాని కాంటాక్టులు మాత్రం బోర్డుకి కలపండి. అది దొరకకపోతే ఆ అలారాల జోలికి వెళ్ళొద్దు, నాలుగు వైర్ల డిటెక్టర్ కొనుక్కోండి. రెండు సప్లైకి, రెండు రిలే కాంటాక్టుకి. రెసిస్టర్‌ని ఆఖర్లోనే పెట్టాలనే నియమం దానికీ వర్తిస్తుంది.