అమెరికాలో అడ్వాన్స్‌డ్ బయోఫ్యూయెల్ కంపెనీలు ప్రభుత్వ సొమ్ము కోసం అంత లాబీయింగ్ ఎందుకు చేస్తాయి?

చెక్క పొట్టు, గడ్డి, పంట వ్యర్థాల నుంచి ఇంధనం తీయడం ల్యాబ్‌లో సులువే. పెద్ద ప్లాంటుకే కోట్ల డాలర్లు కావాలి, అది నడుస్తుందన్న భరోసా లేక బ్యాంకులు అప్పివ్వవు. అందుకే వాషింగ్టన్ చుట్టూ తిరుగుతారు. గ్రాంట్లు, లోన్ గ్యారంటీలు, పన్ను రాయితీలు సరే, అసలు కావాల్సింది చమురు కంపెనీలు కొనక తప్పని మార్కెట్. అదీ దక్కింది: 2022 నాటికి ఏటా 1,600 కోట్ల గ్యాలన్ల సెల్యులోసిక్ ఇంధనం (అంటే చెక్క, గడ్డి లాంటి వాటి నుంచి తీసేది) వాడాలని 2007 చట్టం లక్ష్యం పెట్టింది. ఉత్పత్తి దాని దరిదాపులకు కూడా రాలేదు. మిసిసిపీ రాష్ట్రం 7.5 కోట్ల డాలర్లు వడ్డీ లేకుండా అప్పిచ్చిన కియోర్ అనే బయోఫ్యూయెల్ కంపెనీ 2014లో దివాలా తీసింది. జనం సొమ్మే కదా మరి!

చమురు కంపెనీలూ ఊరుకోలేదు. తయారే కాని ఇంధనాన్ని ఎలా కొంటామని కోర్టుకెళ్లి, 2013లో ముందటి ఏడాది కోటాను కొట్టేయించాయి.